ఆరు గంటల్లో అమరావతి: ప్యాకేజీ టూరు మీద ఒక టైలరమ్మ రివ్యూ

ముందే చెప్పేస్తాను: అయిదుకి రెండు మార్కులు. అందులో ఒకటి కారులో ఏసీకి, ఇంకోటి డ్రైవరు కుర్రాడి మర్యాదకి. కంపెనీ పేరు రాయను. వాళ్ళూ ఈ ఊళ్ళోనే బతకాలి, నేనూ బతకాలి. పైగా ఆ ఆఫీసులో ఫోన్లెత్తే అమ్మాయి నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది.

నాకు గుంటూరు బ్రాడీపేటలో కుట్టు షాపు ఉంది. ఇరవయ్యారేళ్ళ నుంచి అదే పని. అమరావతి మాకు ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే, ఊళ్ళో ఒక రోడ్డు పేరే అమరావతి రోడ్డు. అయినా ఇన్నేళ్ళలో కార్తీక మాసంలో గుడికెళ్ళి, దీపం పెట్టి, సాయంత్రానికల్లా షాపు తెరవాలని పరుగెత్తుకుంటూ రావడమే కానీ ఊరు చూసింది లేదు. దగ్గరున్నవాటి సంగతి అంతే కదా. మా వీధి చివర పార్కులోకి నేనెళ్ళి పదేళ్ళయింది.

ఈసారి సంక్రాంతి వెళ్ళాక మా ఆడపడుచు, దాని కూతురు హైదరాబాద్ నుంచి వచ్చారు. పిల్ల ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. "అత్తయ్యా, అమరావతి స్తూపం చూడాలి, మాకు పాఠంలో ఉంది" అంది. సరే, పిల్ల అడక్కడక్క అడిగింది, బస్సుల్లో తిప్పడం ఎందుకని ప్యాకేజీ తీసుకున్నాను. "అమరావతి హెరిటేజ్ వన్ డే టూర్." మనిషికి పధ్నాలుగు వందలు. నేను, ఆడపడుచు, మేనకోడలు, షాపులో నాకు సాయంగా ఉండే అమ్మాయి, నలుగురం. కారు, గైడు, భోజనం, గుడిలో వీఐపీ దర్శనం, మ్యూజియం, స్తూపం, ధ్యానబుద్ధుడు, కృష్ణ ఒడ్డున సూర్యాస్తమయం. అన్నీ రంగుల కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. ఏ రోజు వెళ్తే బాగుంటుందని అడిగితే "శుక్రవారం అయితే రష్ ఉండదు మేడమ్" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

తొమ్మిదింటికి బయల్దేరాం. లాం దాటాం, తాడికొండ అడ్డరోడ్డు వచ్చింది. డ్రైవరు కుర్రాడు కొత్తవాడు, ఈ వైపు వాడు కాడు. ఫోన్లో మ్యాపు పెట్టుకున్నాడు. మ్యాపు కుడికి తిప్పమంది, తిప్పాడు. నేను వెనక సీట్లో ఆడపడుచుతో పెళ్ళి సంబంధం కబుర్లలో ఉన్నాను, చూసుకోలేదు. చూసేసరికి తుళ్ళూరు. పెద్ద పెద్ద రోడ్లు, క్రేన్లు, కట్టి ఆగి మళ్ళీ కడుతున్న బిల్డింగులు. "అమరావతి వచ్చేశాం మేడమ్, సెక్రటేరియట్ దగ్గర ఫొటో దిగుతారా?" అన్నాడు పాపం.

తప్పు వాడిది కూడా కాదు. ఒకే పేరుకి రెండు చోట్లున్నాయి. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగాక తుళ్ళూరు చుట్టుపక్కల ఇరవై తొమ్మిది ఊళ్ళకీ కలిపి అమరావతి అన్న పేరు స్థిరపడింది. అసలు అమరావతి ఆ ఇరవై తొమ్మిదిలో లేదు, ఇంకా పైకి, పడమటికి ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాలోంచి పల్నాడు జిల్లాలోకి పోయింది. అంటే పేరేమో రాజధానికి, ఊరేమో నరసరావుపేట కిందికి. ఇంటిపేరు చెల్లెలికిచ్చి అక్క వేరే ఇంట్లో ఉన్నట్టుంది వ్యవహారం. కాబట్టి మీరు కారు మాట్లాడుకుంటే "అమరావతి" అని వదిలేయకండి, "అమరేశ్వరస్వామి గుడి" అని చెప్పండి. ఇప్పుడు చాలామంది "పాత అమరావతి" అంటున్నారు, అది కూడా పనిచేస్తుంది. మాకు ఇక్కడ పోయింది గంట.

ఊరు చేరేసరికి పదకొండు దాటింది. గైడు కుర్రాడు మెయిన్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, మెళ్ళో కార్డు. మొదట ధ్యానబుద్ధుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. నూట పాతిక అడుగుల విగ్రహం, ఏటి ఒడ్డునే. బాగుంది, పెద్దగా ఉంది, ఫొటోలు బాగా వస్తాయి. అక్కడ ముప్పావుగంట ఇచ్చారు. నాకైతే పావుగంట చాలు.

తరవాత మ్యూజియం. గేటుకి తాళం.

పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది దాచిపెట్టిన రహస్యమేం కాదు, ప్రతి వారం ఉండేదే. టూరు అమ్మేవాడికి ఇది తెలియకపోతే జాకెట్టు కుట్టేవాడికి చంక కొలత తెలియనట్టే. రష్ ఎందుకుండదో అప్పుడర్థమైంది. ఆఫీసుకి ఫోన్ చేశాను. "బయట్నించి చూడొచ్చు కదా మేడమ్" అన్నారు. బయట్నించి కనపడేది కాంపౌండు గోడ. కాసేపు గట్టిగా మాట్లాడాక "నెక్స్ట్ టూర్‌లో టెన్ పర్సెంట్ తగ్గిస్తాం" అన్నారు. నెక్స్ట్ టూరు ఎవరికి కావాలి?

స్తూపం దగ్గరికి నడిచాం. మేనకోడలు గేటు దాటి నిలబడి "ఇదేనా?" అంది. దాని మొహం చూస్తే నాకే సిగ్గేసింది, నేనేదో పాడుచేసినట్టు. నిజం చెప్పాలంటే అక్కడ కంటికి కనిపించేది గడ్డి పెరిగిన గుండ్రటి ఇటుక అరుగు, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, స్తంభాల ముక్కలు. గైడు చెప్పింది ఒకటే ముక్క: "మొత్తం బ్రిటిష్ వాళ్ళు ఎత్తుకుపోయారండి." చెప్పి ఫోన్ చూసుకున్నాడు.

గుడిలో వీఐపీ దర్శనం అంటే చెప్పులు ఎక్కడ విడవాలో గైడుకి తెలియడం. భోజనం ఎక్కడో రోడ్డు పక్క పెద్ద హోటల్లో, పనీర్ బటర్ మసాలా, వెజ్ మంచూరియా. అమరావతి హెరిటేజ్ టూరులో మంచూరియా! మూడింటికి కారెక్కించారు. సూర్యాస్తమయం గురించి అడిగితే, శీతాకాలం కదా, పొగమంచు, సరిగ్గా కనపడదు మేడమ్ అన్నాడు గైడు. మధ్యాహ్నం మూడింటికి పొగమంచు.

ప్యాకేజీ రివ్యూ ఇంతే. కానీ పిల్ల "ఇదేనా?" అన్న మాట నన్ను వదల్లేదు. వాళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయాక, ఒక ఆదివారం షాపు మూసి ఒక్కదాన్నే బస్సెక్కాను. మ్యాపు లేదు, గైడు లేడు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు. పధ్నాలుగు వందల ప్రయాణం కన్నా ఈ సున్నా రూపాయల ప్రయాణం ఎందుకు బాగుందో చెప్తాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ మిరపకాయల కోతకి పోతోంది. అమరావతి అని నేను అనగానే "ఏ అమరావతమ్మా, మాదా, వాళ్ళదా?" అంది.

మ్యూజియం తెరిచే ఉంది. టికెట్టు బస్టాండులో టీ కన్నా తక్కువ. పెద్ద భవనం కాదు, గబగబా తిరిగితే అరగంటలో అయిపోతుంది. నాకు మూడు గంటలు పట్టింది. ఎందుకంటే నేను రాళ్ళు చూళ్ళేదు, బట్టలు చూశాను.

వృత్తి దోషం. ఎదురుగా ఎవరు నిలబడినా నా కళ్ళు ముందు అంచు మీదికి, తరవాత భుజం కుట్టు మీదికి పోతాయి. ఇక్కడ మొదటి పది నిమిషాల్లో ఒక విషయం తేలిపోయింది: ఈ ఊళ్ళో రెండు వేల ఏళ్ళ కింద నాకు పని ఉండేది కాదు. ఆడవాళ్ళెవరికీ జాకెట్టు లేదు. కుట్టు నాకెక్కడా కనపడలేదు, అంతా చుట్టుకోవడమే. నడుముకి మాత్రం వడ్డాణం. మామూలు వడ్డాణం కాదు, పూసల పేట్లు ఒకదాని కింద ఒకటి, పక్కకి ముడి, ముడి నుంచి గుడ్డ కిందికి జారి మోకాళ్ళ మధ్య మడతలు పడుతూ. కాళ్ళకి చీలమండ నుంచి పైకి వరసలు వరసలుగా కడియాలు. మగాళ్ళకి తలపాగాలు, నుదుటి మీద పెద్ద బంతిలా ముడి. ఆ ముడి ఎలా వేశారో పక్కనుంచి చూస్తే తెలుస్తుంది, గుడ్డ ఎటునుంచి ఎటు తిరిగిందో చెక్కినవాడు ఎక్కడా తప్పు చేయలేదు. చేతిలో గుడ్డ పట్టుకున్న అనుభవం లేనివాడు అది చెక్కలేడు. పందెం.

బుద్ధుడి వస్త్రం ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. కుడి భుజం ఖాళీ, ఎడమ భుజం మీద నుంచి గుడ్డ పడుతుంది. ఒంటి మీద మడతలు గీతల్లా సన్నగా, దగ్గర దగ్గరగా. కానీ కింద అంచు దగ్గరికి వచ్చేసరికి లావుగా, బరువుగా ఒక పెద్ద మడత, ఉయ్యాల తాడులా వంగి ఉంటుంది. బరువు కిందికి లాగుతోందని కంటికి తెలుస్తుంది. మనం చీరకి ఫాల్ ఎందుకు వేస్తాం? కింద బరువుంటే పైన మడత నిలుస్తుందని. రాతిలో ఆ సంగతి చూపించాడు మహానుభావుడు. అది పలనాటి సున్నపురాయి, కాస్త ఆకుపచ్చ ఛాయ తిరిగిన తెలుపు. మా దగ్గర "ఆఫ్ వైట్ చూపించండి" అని వచ్చేవాళ్ళు వెతికే రంగు సరిగ్గా అదే.

ఇంకో తమాషా. కొన్ని పలకల మీద అసలు బుద్ధుడు ఉండడు. ఖాళీ సింహాసనం ఉంటుంది, దాని కింద రెండు పాదాలు, వెనక చెట్టు. చుట్టూ జనం ఆ ఖాళీకి దణ్ణం పెడుతుంటారు. పాత రోజుల్లో ఆయన్ని మనిషి రూపంలో చూపించకుండా గుర్తులతోనే చెప్పేవాళ్ళట. రూపం తరవాత వచ్చింది. రెండు రకాలూ ఈ ఒక్క స్తూపం రాళ్ళ మీదే ఉన్నాయి, ఎందుకంటే దాన్ని ఒక్కసారిగా కట్టలేదు. క్రీస్తుకి రెండు మూడు వందల ఏళ్ళ ముందే మొదలై, శాతవాహనుల కాలంలో పెంచుకుంటూ, పాత పలకలు తీసి కొత్తవి పెట్టుకుంటూ వచ్చారు. ఆ రోజుల్లో ఊరి పేరు ధాన్యకటకం. పక్కనే ఉన్న ధరణికోట ఆ పేరు పట్టుకునే ఇప్పటికీ ఉంది.

మేనకోడలు చూసి ఉంటే "ఇదేనా" అని ఉండేది కాదు, ఎందుకంటే మ్యూజియం ఆవరణలో మొత్తం స్తూపం ఎలా ఉండేదో నమూనా కట్టి పెట్టారు. దానికన్నా తెలివైన సంగతి, ఆ శిల్పులే పలకల మీద స్తూపం బొమ్మ చెక్కుకున్నారు. పెద్ద బోర్లించిన గిన్నె, చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కులా అయిదేసి స్తంభాలు. ఆ అయిదూ బుద్ధుడి జీవితంలో అయిదు ఘట్టాలు: పుట్టడం, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటిసారి ధర్మం చెప్పడం, పోవడం. అంటే ఇల్లు కూలిపోయినా గోడ మీద ఆ ఇంటి ఫొటో మిగిలినట్టు. స్తూపం అడ్డుకొలత దాదాపు యాభై మీటర్లు. నాకు అడ్డుకొలత చెప్తే తలకెక్కదు, చుట్టుకొలత కావాలి. చుట్టూ నూట యాభై ఏడు మీటర్లు అవుతుంది. మా షాపుకొచ్చే లైనింగ్ తాను ఇరవై మీటర్లు. దాని నడుం చుట్టూ ఒక్క చుట్టు రావాలంటే ఎనిమిది తాన్లు కావాలి. ఈ లెక్క వేసుకుని మళ్ళీ స్తూపం దగ్గరికెళ్ళి ఆ గడ్డి అరుగు చుట్టూ నడిచాను. ఈసారి అది చిన్నగా కనపడలేదు.

మరి అంతా ఏమైంది? గైడు చెప్పింది సగం నిజం. ఎత్తుకుపోవడం తరవాతి కథ. ముందు మనమే విప్పుకున్నాం. 1790ల్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని ఇక్కడికి మార్చి కొత్త ఊరు కట్టించాడు. ఊరికి ఇటుకలు, రాళ్ళు కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె అని పెద్ద దిబ్బ. దాన్ని తవ్వితే చక్కటి ఇటుకలు, చెక్కిన పలకలు. అది స్తూపమని ఎవరికీ తెలీదు, తెలిసినా ఆగేవాళ్ళో లేదో. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. ఇవాళ పోయిన పలకలెన్నో ఆ బొమ్మల్లోనే ఉన్నాయి. ఈలోపు ఎన్నో పలకలు సున్నం బట్టీల్లోకి పోయాయి.

ఈ సున్నం ముక్క చదివినప్పుడు నాకు మా నాయనమ్మ పెళ్ళిచీర గుర్తొచ్చింది. పాత పట్టుచీరలు జరీకి కొంటామని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు. చీర కాల్చి వెండి తీసుకునేవాళ్ళు. మా అమ్మ ఇచ్చేసింది, ఎనభైల్లో, రెండు స్టీలు డబ్బాలకి. చీర అంటే ఏమిటో తెలియక కాదు, ఇంట్లో డబ్బాలు లేక. అందుకని నాయుడుగారిని నేనేం అనను.

పెద్ద ఎత్తున ఎత్తుకుపోవడం 1845లో. వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి పలకల్ని మద్రాసుకి పంపాడు. అక్కడ కొన్నేళ్ళు ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా మన పలకలే. ఇంకో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. మదమెక్కిన ఏనుగుని బుద్ధుడు శాంతింపజేసే ప్రసిద్ధమైన గుండ్రటి శిల్పం కూడా అక్కడే ఉంది. సొంత ఊళ్ళో ఉన్నది మిగిలిందీ, తరవాతి తవ్వకాల్లో దొరికిందీ. పంపకాల్లో పెద్ద కొడుకులు పెట్టెలు పట్టుకుపోగా తల్లి దగ్గర మిగిలిన సామాను. కానీ ఆ సామాన్లోనే తల్లి వాసన ఉంటుంది కదా.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక శాసనం సంగతి. పూర్ణఘటం తెలుసు కదా, నిండు కుండలోంచి తామరలు పైకి వస్తుంటాయి. మన రాష్ట్ర చిహ్నం మధ్యలో ఉన్నది ఆ అమరావతి కుండే. అలాంటి పూర్ణఘటం పలక ఒకటి స్తూపానికి ఇచ్చింది ఏ రాజో కాదు, విధికుడు అనే చమ్మకారుడు. అంటే తోలు పని చేసే ఆయన. నాగుడు అనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందర్నీ కలిపి రాయించుకున్నాడు, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో. నేనూ తోలు కాకపోయినా గుడ్డ కుట్టేదాన్నే. మన గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయించేవాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. ఇకనుంచి నవ్వను. రెండు వేల ఏళ్ళకి అవతల ఆ రాజుల గొడవలు నాకు గుర్తుండవు కానీ, చెప్పులు కుట్టే విధికుడూ ఆయన కూతుళ్ళూ గుర్తుంటారు.

ఇంకొకటి, చిన్నప్పుడు తెలుగు పుస్తకంలో చదివి మర్చిపోయింది. "నాగబు" అనే మాట. ఇప్పటిదాకా దొరికినవాటిలో మొదటి తెలుగు మాటల్లో ఒకటని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. దొరికింది ఈ అమరావతి రాతి మీదే. మా మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి, "బ దగ్గర ఆగండి, అక్కడ తెలుగు ఉంది" అనేవారు.

ఒంటిగంటకి ఆకలేసింది. గుడికి దగ్గర్లో బోర్డు మాసిపోయిన ఒక మెస్సు ఉంది. పేరు నాకూ కనపడలేదు. నాలుగు బల్లలు, లోపల వంట చేసే మామ్మగారు, బయట వడ్డించే ఆవిడ కోడలు. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు, గడ్డ పెరుగు. నూటపది రూపాయలు. గోంగూర నూరిన చోటే నూరినట్టుంది, నాలుక మీద ఈనెలు తగిలాయి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు పక్కనే. నేను ఆపినా కోడలు "పప్పు మారు వేయించుకోండమ్మా, బస్సు ఎక్కడికీ పోదు" అని గరిటె వంచేసింది. అయిదుకి నాలుగున్నర. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, మజ్జిగ పులుసులో ఆవపిండి కాస్త ఎక్కువైంది. మామ్మగారికి ఆ మాట చెప్తే "మా అబ్బాయికి అలాగే ఇష్టం" అంది. అబ్బాయి బెంగుళూరులో ఉంటాడట.

గుడి సంగతి. పంచారామాల్లో ఇది అమరారామం. మిగతా నాలుగూ ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, గోదావరి వైపు. కృష్ణ ఒడ్డున ఉన్నది ఇదొక్కటే. లింగం తెల్లగా, స్తంభంలా ఎంత పొడుగంటే, అభిషేకం చేయాలంటే పూజారి పై అంతస్తుకి ఎక్కాలి. ఇంద్రుడు ప్రతిష్ఠించాడనీ, పెరిగిపోతుంటే ఆపడానికి నెత్తిన మేకు కొట్టారనీ, అక్కడ రక్తం మరక ఉంటుందనీ చెప్తారు. అమ్మవారు బాలచాముండిక. వెంకటాద్రి నాయుడే ఈ గుడిని బాగుచేయించాడు. చెంచుల్ని చంపించిన పాపానికి ఆయన కంచంలో అన్నం పురుగులుగా కనపడేదట, ఆ బాధ పోగొట్టుకోడానికే ఇక్కడికొచ్చి శివుడి సేవలో పడ్డాడని ఊరి కథ. చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహం కూడా గుడిలో ఉంది. ఒకే మనిషి, అటు దిన్నె తవ్వించాడు, ఇటు గోపురం ఎత్తించాడు. కారులో వచ్చిన రోజు ఈ విగ్రహం ముందు నుంచే నడిచి వెళ్ళాం, ఎవరో అడగనూ లేదు, గైడు చెప్పనూ లేదు.

గుడి వెనక మెట్లు దిగితే రేవు. 2016 పుష్కరాలకి వేసిన మెట్లు, రైలింగులు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం జనం తక్కువ. నీళ్ళు మెట్లకి కాస్త దూరంగా ఉన్నాయి, మధ్యలో ఇసుక తిన్నె తేలి ఉంది. ఒకావిడ బొంత ఉతుకుతోంది. బొంత అంటే నాకు ప్రాణం కాబట్టి వెళ్ళి చూశాను. పాత చీరల పొరలు, చేత్తో వేసిన పరుగు కుట్టు, వరసకీ వరసకీ వేలెడు దూరం, ఎక్కడా వంకర లేదు. "మీరు కుట్టారా?" అంటే "మా అత్త కుట్టింది, ఇరవై ఏళ్ళ బొంత" అంది. నలభై రూపాయల సబ్బుతో ఇరవై ఏళ్ళ కుట్టు ఇంకా నిలబడి ఉంది. ఊళ్ళో చూసిన రెండు వేల ఏళ్ళ మడతల తరవాత ఇది చూడటం బాగుంది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. శుక్రవారం వద్దు. ఎండాకాలం స్తూపం దగ్గర నీడ లేదు, పొద్దున్నే వెళ్ళండి. ఇటు గుంటూరు నుంచీ, అటు విజయవాడ నుంచీ బస్సులున్నాయి. విజయవాడ వాళ్ళు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా రావచ్చు, దారిలో గుహలు కూడా చూసుకోవచ్చు. స్తూపం, మ్యూజియం, గుడి అన్నీ నడిచే దూరమే, మోకాళ్ళ నొప్పులుంటే ఆటో. కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో ఊరు చూద్దామని వెళ్ళకండి, దేవుణ్ణి చూద్దామని వెళ్ళండి. ముందు మ్యూజియం చూసి తరవాత స్తూపం దగ్గరికి వెళ్ళండి. తిరగేసి చూస్తే మా మేనకోడలిలాగే అంటారు.

ఇంకో మాట. మ్యూజియంలో ప్రాకారపు స్తంభాల మీద గుండ్రటి తామర పువ్వులుంటాయి, రేకుల చుట్టూ రేకులు, వరసల మీద వరసలు. బిల్లు పుస్తకం వెనక పెన్సిలుతో ఒకటి గీసుకొచ్చాను. షాపులో మగ్గం వర్కు చేసే అబ్బాయికి చూపించాను, పెళ్ళికూతురి జాకెట్టు చేతికి వేద్దామని. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బావుందక్కా. బయటి వరసలో రేకులెన్ని? లెక్క తప్పితే గుండ్రం రాదు" అన్నాడు.

లెక్కపెట్టుకు రాలేదు. ముహూర్తం ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఈ ఆదివారం మళ్ళీ బస్సెక్కుతున్నాను, మెస్సులో మామ్మగారికి ఆవపిండి తగ్గించమని ముందే చెప్పాలి.